పీపా మీద పేరు

డిసెంబరు 11

సంతకం అయిపోయింది. వాలు మీది ద్రాక్షతోట ఇక ధర్మాసుపత్రిది.

నోటరీ గదిలో వేడి మరీ ఎక్కువ పెట్టారు. కోటు విప్పమని ఒకటికి రెండుసార్లు అన్నారు, విప్పలేదు. లోపల స్వెట్టరుకి మోచేతి దగ్గర చిరుగుంది. ఆసుపత్రి తోటల వ్యవహారాలు చూసే మదాం వెర్దనే నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "మీ ఆయన మాట నిలబెట్టారు" అంది. ఫెర్నాన్ ఆగస్టులో పోయేదాకా వాళ్ళ వార్డులోనే ఉన్నాడు. మంచం దగ్గరికి వచ్చిన ప్రతి నర్సుకీ తోట మీకే, తోట మీకే అని చెప్పేవాడు. నేను పక్కన కూర్చుని విని ఊరుకున్నాను. ఇప్పుడు కాదంటే ఏం బాగుంటుంది? అయినా నా మోకాళ్ళతో ఆ వాలు ఎక్కడం ఇక అయ్యే పని కాదు. మంచి పనే చేశాను.

లేవబోతుంటే మదాం వెర్దనే అడిగింది, "పేరు ఏమైనా అనుకున్నారా?" అని.

ఈ ఊళ్ళో ఆ ప్రశ్న అర్థం కానివాళ్ళు లేరు. తోట ఇచ్చినవాళ్ళ పేరే ఆ తోట వైన్ పీపాల మీద రాస్తారు. నవంబరు వేలంలో ఆ పేరుతోనే పిలిచి అమ్ముతారు. ఆ రాబడితోనే ఆసుపత్రి నడుస్తుంది, ఆరొందల ఏళ్ళ నుంచీ అంతే. ఎప్పుడో పోయిన ఒక తోళ్ళ వర్తకుడి పెళ్ళాం పేరు ఇవాళ్టికీ ఊరందరి నోట్లో ఆడుతోందంటే, ఆవిడ రాసిచ్చిన తోట పుణ్యమే.

"పేరుదేముందండీ, చూద్దాం" అన్నాను. వచ్చే కోత అయ్యాక చెప్పినా సరిపోతుందంది.

ఇంటికొచ్చి సూప్ కాచుకున్నాను. ఇద్దరికి సరిపడా కాచాను మళ్ళీ.

డిసెంబరు 15, ఆదివారం

యూగెట్ ఫోను. ఆదివారం భోజనం కాగానే డిజోన్ నుంచి ఆమె ఫోను చెయ్యడం, నేను గిన్నెలు నానేసి వినడం మామూలే. అన్న పోయాడు కదా, ఇక మానేస్తుందేమో అనుకున్నాను. మానలేదు.

"సంతకం పెట్టేశావట కదా వదినా. నాకో మాట చెప్పాలనిపించలేదా?"

"చెప్తే ఏం చేసేదానివి?"

"వద్దంటానా ఏం? మా నాన్న వంగి వంగి రాళ్ళేరిన నేల అది. కనీసం ఆయన పేరైనా పెట్టించు. బర్తెలెమీ పెర్రూషో! పీపా మీద ఎంత హుందాగా ఉంటుందో."

"మీ నాన్న జన్మలో ఆ ఆసుపత్రి గడప తొక్కలేదు. అక్కడి నన్‌లు ఎదురొస్తే రోడ్డు దాటి అటు పోయేవాడు."

"పోయినవాళ్ళ మీద ఎందుకమ్మా నిష్ఠూరం."

"నిష్ఠూరం కాదు, ఉన్నమాట."

"పోనీ అన్నయ్య పేరు."

"చూద్దాం."

"నువ్వు చూద్దామన్నావంటే మనసులో ఇంకేదో ఉన్నట్టే. నాకు తెలీదా నీ సంగతి!"

మనసులో ఏమీ లేదు. పేరుదేముంది.

డిసెంబరు 25

యూగెట్ పండక్కి రమ్మంది. జలుబని చెప్పాను. జలుబు లేదు.

జనవరి 23

నిన్న సెయింట్ విన్సెంట్ ఊరేగింపు. ద్రాక్ష రైతులంతా బొమ్మని భుజాన మోసుకుంటూ మా వీధిలోంచే వెళ్ళారు. తెర సందులోంచి చూశాను. ప్రతి ఏడూ ఫెర్నాన్ మోసేచోట ఎవరో కళ్ళజోడు కుర్రాడున్నాడు. బాగానే మోశాడు.

ఇవాళ మంచు పట్టి చేతి దూరంలో ఏమీ కనపడలేదు. నడవమని డాక్టరు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాడు కదా అని నడిచాను. నడక ఎటో ఒకవైపు సాగాలి, వాలు వైపు సాగింది. కత్తెర కోటు జేబులోనే ఉండిపోయినట్టుంది. గోడ పక్క వరసలో రెండు మూడు మొక్కలు మరీ అడ్డదిడ్డంగా ఉంటే చూడలేకపోయాను.

జనవరి 26

నడిచాను.

జనవరి 29

నడిచాను. చెయ్యి లాగేస్తోంది.

ఫిబ్రవరి 4

సిల్వాన్ వచ్చాడు. ఆసుపత్రి తోటల్ని తలా కాస్త చూసుకునే రైతుల్లో ఇతనొకడు, మా తోట ఇతని వంతుకొచ్చింది. నలభై దాటి ఉంటాయి. బూట్ల నిండా మట్టి అని గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. నేను తుడుచుకుంటాలే రా అన్నా రాడే!

"మదాం పెర్రూషో, మీ తోటలో దెయ్యం తిరుగుతోందండీ."

"అదేం మాట?"

"నిన్న సాయంత్రం కత్తిరించకుండా వదిలిన తీగలు పొద్దున్నకి కత్తిరించి ఉంటున్నాయి. మూడు వరసలు."

"పని చేసిపెట్టే దెయ్యమైతే మంచిదేగా."

"పని బాగానే ఉందండీ, వంక పెట్టడానికి లేదు. కానీ దానికి బీమా లేదు. అది కాలు జారి ఆ గోడ మీద పడిందనుకోండి, నా ఉద్యోగం పోతుంది. పైగా నేను మొక్కకి ఒక పొడుగు తీగ ఉంచుతానా, అది రెండు ఉంచుతోంది. మా పెద్దాయన వచ్చి చూసి, ఏం సిల్వాన్, పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా కోస్తున్నావు, తాగి వస్తున్నావా అన్నాడు."

నాకు నవ్వొచ్చింది. అతనికీ వచ్చింది. 

"మీరు రండి మదాం" అన్నాడు. "రోజూ రండి. నా వెనకాలే వరసలో నడవండి, ఇలా కాదు అలా అని తిట్టండి, పడతాను. కత్తెర మాత్రం ఇంట్లో పెట్టి రండి."

అతను వెళ్ళాక కత్తెర కడిగి, ఆరబెట్టి, నూనె రాసి సొరుగులో పెట్టాను. తోట ఇచ్చేశానని సంతకం పెట్టినరోజు తెలియలేదు. ఇవాళ తెలిసింది. చాలాసేపు ఏడ్చాను. ఎవరు చూడొచ్చారు కనక.

ఫిబ్రవరి 19

వెళ్ళాను, చేతులు ఊపుకుంటూ. సిల్వాన్ కత్తిరించిన పుల్లల్ని ఇనుప తోపుడుబండిలో వేసి వరస వెంటే కాలుస్తూ వెళ్తున్నాడు. నేను వెనకాల నిలబడి పొగ మింగాను. బట్టలన్నీ ఆ వాసనే. విప్పి మామూలుగా ఉతకడానికి వేసేదాన్ని, ఇవాళ వెయ్యలేదు.

మాటల మధ్య అడిగాడు, "మీకు పిల్లలెంతమంది మదాం?" అని.

లేరన్నాను. ఎవరడిగినా అలాగే అంటాను. ఇదివరకు నేను ఆ మాట అన్నప్పుడు పక్కన ఫెర్నాన్ ఉండేవాడు. అది అబద్ధమని తెలిసినవాళ్ళం ఇద్దరం ఉండేవాళ్ళం. ఇప్పుడు నేనొక్కదాన్నే.

మార్చి 20

టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయి చివర్లో రేపు ఏ సెయింట్ రోజో, ఏ పేరువాళ్ళ పండగో కూడా చెప్తుంది కదా. ఏడాదిలో ఈ ఒక్కరోజు ఫెర్నాన్ ఆ సంగతి వచ్చేలోగా లేచి టీవీ కట్టేసేవాడు. ఏమీ అనేవాడు కాదు. నేను కంచాలు తీసేదాన్ని. రేడియోలో వాతావరణం వచ్చిన కాలం నుంచీ అంతే.

ఇవాళ కట్టేసేవాళ్ళు లేరు. నేను లేవలేదు. ఆ పిల్ల నవ్వుతూ పేరు చెప్పింది. మీకు తెలిసినవాళ్ళలో ఆ పేరుంటే శుభాకాంక్షలు చెప్పడం మరిచిపోకండి అంది.

మార్చి 21

వాన. ఏమీ రాయను.

మే 8

రొట్టెల కొట్టు పిల్ల ఇంకా పెద్ద రొట్టే చుట్టి ఇస్తోంది. సగం చాలని నేను చెప్పడం లేదు. చెప్తే కారణం అడుగుతుంది, ఆమెకి తెలిసిన కారణమే అయినా సరే, అయ్యో అంటుంది. మిగిలింది ఎండబెట్టి పక్కింటి కోళ్ళకి వేస్తున్నాను. అవి బాగా ఒళ్ళు చేశాయి.

జూన్ 9

పూత బాగా పట్టింది. సిల్వాన్ పని కట్టుకుని వచ్చి చెప్పాడు. నేను పొద్దున్నే చూసొచ్చానని చెప్పలేదు పాపం.

జులై 17

బుద్ధి లేని పని చేశాను. పాత ఆసుపత్రికి టికెట్టు కొనుక్కుని వెళ్ళాను.

రోగుల్ని ఊరి బయట కొత్త భవనానికి మార్చాక ఇది చూడ్డానికే మిగిలింది. రంగురంగుల పెంకుల కప్పు కింద జనం తలలెత్తి నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. అందరి చెవుల్లోనూ వివరాలు చెప్పే యంత్రాలు. నాకూ ఒకటి ఇవ్వబోయారు, అక్కర్లేదన్నాను. ఊరివాళ్ళకి ఊరికేనట, గుర్తింపు కార్డు ఉంటే. కార్డు ఇంట్లో ఉంది. కార్డు కోసం మళ్ళీ ఇంటికి పోతే తిరిగి రానని తెలుసు, డబ్బులిచ్చి లోపలికెళ్ళాను.

పెద్ద హాలు దాటి, మెట్ల కింద కుడివైపు గది. నా మంచం కిటికీ పక్కన ఉండేది. ఇప్పుడక్కడ గాజు అరలో తగరపు గిన్నెలు, గరిటెలు. వంగి చూస్తూ అరమీద చెయ్యి వేశాను.

"గాజు ముట్టుకోకూడదు మదాం" అంది కాపలా పిల్ల. సెలవుల్లో పనికొచ్చిన విద్యార్థినిలా ఉంది. మంచిగానే చెప్పింది.

"ఈ గదిలో ఏముండేదమ్మా?"

"వంటసామాను మదాం. పదిహేడో శతాబ్దం."

"ఆ తర్వాత?"

గోడ మీది పలక వైపు ఒకసారి చూసింది. "ఆ తర్వాత మ్యూజియం."

సరే. ఆ పలక మీద లేనిది నేనే రాసుకుంటాను, ఇంకెవరు రాస్తారు. అరవై రెండు మార్చిలో ఆ గదిలో ఆరు మంచాలుండేవి. నాది కిటికీ పక్కది. పాప తెల్లారగట్ల పుట్టింది. సిస్టర్ ఫిలొమేన్ దాన్ని చూడగానే ముఖం మార్చుకుంది. ఫాదరు వచ్చేదాకా ఆగలేమని తనే గిన్నెలో నీళ్ళు తెచ్చి బాప్తిస్మం ఇచ్చింది. పేరేమిటి అంటే నేనూ ఫెర్నాన్ ముఖముఖాలు చూసుకున్నాం, మగపిల్లాడి పేర్లు తప్ప ఏమీ అనుకోలేదు మేం. ఆమె గోడమీది క్యాలెండరు చూసి ఆ రోజు ఏ సాధ్విదో ఆ పేరు పెట్టేసింది. మర్నాడు పొద్దుటికి లేదు. పక్క మంచం ఆవిడ బిడ్డ ఏడుస్తూనే ఉంది.

ఫెర్నాన్ సైకిలు తోసుకుంటూ ఇంటికెళ్ళి అటునుంచటే తోటలోకి వెళ్ళిపోయాడు. నేను ఇంటికొచ్చాక, "ఇక ఆ మాట అనుకోవద్దు ఒడెట్" అన్నాడు. అనుకోలేదు. అందరూ ఇంకోటి పుడుతుందిలే అన్నారు. పుట్టలేదు. సిస్టర్ ఫిలొమేన్ పోయింది. ఇప్పుడు ఫెర్నాన్. ఆ పేరు తెలిసినదాన్ని నేనొక్కదాన్ని మిగిలాను. నేను పోతే ఆ పేరుగల పిల్ల పుట్టనే లేదు.

నాకు భయంగా ఉంది. చావంటే కాదు. దీనికి.

ఆగస్టు 12

ఫెర్నాన్ పోయి ఏడాది. యూగెట్ వస్తానంది, ఎండలో వద్దన్నాను. వస్తే బాగుండేది.

సెప్టెంబరు 22

మా తోటలో కోత. మా తోట కాదు, ఆ తోటలో.

మధ్యాహ్నం భోజనానికి రమ్మని సిల్వాన్ నిన్నే పిలిచాడు. వెళ్ళకూడదనుకున్నాను, వెళ్ళాను. కోతవాళ్ళంతా పాతికేళ్ళలోపు వాళ్ళు, నడుములు నొప్పులని మూలుగుతూ బల్లల మీద వాలిపోయారు. ఒకమ్మాయి నాకు చోటిచ్చి, "మీరెవరి తాలూకు అమ్మమ్మా?" అంది. సిల్వాన్ ఏదో చెప్పబోతే నేను కళ్ళతో ఆపాను. "ఊరికే చూద్దామని వచ్చా" అన్నాను. ఆ పిల్ల నా గ్లాసు నింపింది. మాంసం కాస్త గట్టిగా ఉంది. నా వంట ఇంతకంటే నయం.

అక్టోబరు 5, ఆదివారం

యూగెట్. "పేరు చెప్పావా?"

"ఇంకా లేదు."

"నీ పేరే పెట్టించుకుంటావేమోనని నాకు అనుమానంగా ఉంది సుమా."

"పెట్టించుకుంటే తప్పా? యాభై ఏళ్ళు ఆ తోటలో నడుం వంచింది ఎవరు?"

"తప్పని ఎవరన్నారు? చెప్పమంటున్నానంతే. నువ్వెప్పుడూ నాకేమీ చెప్పవు వదినా. అన్నయ్యా అంతే, ఇద్దరూ ఇద్దరే."

ఫోను పెట్టేసింది. ఆమె ముందుగా పెట్టెయ్యడం ఇదే మొదటిసారి.

అక్టోబరు 9

మదాం వెర్దనే దగ్గరికి వెళ్ళాను. పాత ఆసుపత్రి భవనం మేడ మీద ఆమె గది. కాఫీ ఇచ్చింది. వైన్ పీపాలకెక్కిందని, బాగా వస్తోందని చెప్పింది.

"మీ ఆయన పేరేనా?" అంది పెన్ను తీసి.

"కాదు."

"మీదా? రెండూ కలిపి కూడా పెట్టుకోవచ్చు. చాలామంది అలాగే..."

"మా అమ్మాయిది."

ముందున్న కాగితాల వైపు చూసింది. "పిల్లలు లేరని నోటరీ రాశారే."

"ఉండేది. ఇక్కడే పుట్టింది, మీరిప్పుడు గిన్నెలు పెట్టిన గదిలో. ఒక్కరోజు ఉంది."

పెన్ను కింద పెట్టింది. పాపం, ఆమె ముఖం నిజంగానే మారింది. కానీ ఉద్యోగం ఉద్యోగమే. "నన్ను తప్పుగా అనుకోకండి మదాం. దాత పేరే ఉండాలి, అది మొదటినుంచీ ఉన్న నియమం. మీకోసం సరేనంటే రేపు ఇంకొకరొచ్చి వాళ్ళ కుక్కపిల్ల పేరు..." అని, అన్నాక నాలుక్కరుచుకుంది.

నాకు కోపం రాలేదు అని రాద్దామనుకున్నాను. వచ్చింది. కప్పులో కాఫీ తొణికేలా బల్ల చరిచాను.

"తోట ఎవరిదనుకుంటున్నారు మీరు?"

"మీది. మీ ఆయనది."

"మాది కాదు. ఫెర్నాన్‌కి వాళ్ళ నాన్న ఇచ్చాడు. ఫెర్నాన్ తన బిడ్డకివ్వాలి. ఈ వాలు మీద తోటలన్నీ అలాగేగా చేతులు మారేది? మాకున్నది ఒక్కతే బిడ్డ, తోట దానిది. అది లేదని మేం అమ్ముకున్నామా? ఎంతమంది అడిగారో ఊళ్ళో ఎవర్నైనా అడగండి. దాని తోట మేం చూసిపెట్టాం, అంతే. మీకిచ్చింది అది. తల్లిని కనక సంతకం నేను పెట్టాను."

ఆ మాట ముందుగా అనుకుని వెళ్ళింది కాదు. నోట్లోంచి వచ్చాక, ఇన్నేళ్ళూ ఎంతమంది అడిగినా ఎందుకు అమ్మలేదో నాకే అర్థమైంది.

మదాం వెర్దనే మళ్ళీ పెన్ను తీసుకుంది. "కమిటీకి చెప్పి చూస్తాను, మాటివ్వలేను" అంది. "పేరు చెప్పండి."

చెప్పాను. ఎంతకాలానికో పైకి అన్నాను. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. ఆమె రాసుకుంది.

అక్టోబరు 13

కబురు లేదు.

అక్టోబరు 19

కబురు లేదు. ఆదివారమైనా యూగెట్ ఫోను కూడా లేదు. నేనే చేద్దామని అంకెలన్నీ నొక్కి ఆఖరిది నొక్కలేదు.

అక్టోబరు 27

ఒప్పుకున్నారు. మదాం వెర్దనే స్వయంగా ఫోను చేసింది. ఒక ముసలాయన గట్టిగా అడ్డం పడ్డాడట, నియమం నియమమే అని. తర్వాత ఆయనే చెయ్యెత్తాడట. ఎందుకు మారాడో ఆమెకీ తెలీదట.

థాంక్స్ చెప్పి పెట్టేశాను. ఎవరితోనైనా చెప్పాలనిపించింది. ఇల్లంతా తిరిగాను. ఫెర్నాన్ ఫోటో ఉంది కానీ, ఫోటోతో మాట్లాడే రకం కాదు నేను. నువ్వు అనుకోవద్దన్నావు, నేను ఊరంతా వినేలా చేశాను, ఏమంటావు అని వంటింట్లో పైకే అన్నాను. కోపగించుకుంటాడో లేదో నిజంగా తెలీదు నాకు.

నవంబరు 1

పోయినవాళ్ళ పండగ. యూగెట్ వచ్చింది, చామంతి కుండీ మోసుకుని, బస్సులో. చిక్కిపోయింది. ముందు ముభావంగా ఉంది కానీ శ్మశానం గేటు దగ్గర నా మోకాలు పట్టేస్తే తనే నా చెయ్యి పట్టుకుంది.

ఫెర్నాన్ దగ్గర రెండు కుండీలు పెట్టాం. నా చేతిలో ఇంకోటి మిగిలింది, చిన్నది, తెల్లపూలు.

"అదెవరికి?"

"పూలావిడ ఊరికే ఇచ్చింది."

"ఊరికే ఇచ్చే మనిషేనా ఆవిడ!"

ఉత్తరం గోడ పక్కన ఒకప్పుడు ఆసుపత్రి పిల్లల్ని పెట్టిన చోటుంది. రాళ్ళూ గుర్తులూ ఏమీ లేవు, గడ్డి కోయించి చదును చేశారు. వెళ్తూ వెళ్తూ అక్కడ పెట్టేశాను, మొయ్యలేక పెట్టినట్టు. యూగెట్ చూసింది. ఏమీ అడగలేదు. బస్సు ఎక్కేముందు మాత్రం, "పేరు చెప్పేశావుగా?" అంది. చెప్పేశానన్నాను. "టీవీలో చూసుకుంటాలే అయితే" అని తల తిప్పుకుంది.

అప్పుడే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. బస్సు తలుపు మూసుకుంది.

నవంబరు 16

వేలం.

మదాం వెర్దనే ముందు వరసలో చోటు ఉంచానంది. వద్దని వెనక గోడ పక్కన నిలబడ్డాను. తర్వాత ఎవరో కుర్చీ ఇచ్చారు. హాలు కిటకిటలాడుతోంది. ఏ దేశాలవాళ్ళో, ఏ భాషలో. ముందు పాత పేర్లన్నీ ఒకటొకటిగా వచ్చాయి. తోళ్ళ వర్తకుడి భార్య పీపాలకి ఎప్పటిలాగే కొట్టుకున్నారు.

తర్వాత వేలం పాడే ఆయన కాగితం తిప్పి, కళ్ళజోడు సర్దుకుని, మైకులో అన్నాడు:

"ఈ ఏడాది కొత్తది. క్లెమాన్స్ పెర్రూషో. మొదటి పీపా."

 ఆయన ఒక్కసారితో ఊరుకున్నాడా? క్లెమాన్స్ పెర్రూషో, ఎవరండీ అక్కడ, క్లెమాన్స్ పెర్రూషో, ఎడమవైపు పెద్దమనిషి, క్లెమాన్స్ పెర్రూషో, ఇంకెవరైనా... సుత్తి పడింది. రెండో పీపా, క్లెమాన్స్ పెర్రూషో. మళ్ళీ చేతులు లేచాయి. ఫోనుల్లో మాట్లాడేవాళ్ళు ఆ పేరునే ఎవరెవరికో, ఏ దేశంలోనో ఉన్నవాళ్ళకి, అక్షరం అక్షరం విడదీసి చెప్తున్నారు. నేనూ ఫెర్నాన్ ఇంట్లో ఒక్కసారి కూడా పైకి అనని పేరు.

నా పక్కన కూర్చున్నావిడ భర్తని అడిగింది, "ఎవరీ క్లెమాన్స్?" అని. "ఎవరో పాతకాలం దాత అయ్యుంటుంది, ఈ పేర్లన్నీ అంతేగా" అన్నాడాయన.  సంతోషంగా ఉంది, ఏడుపొస్తోంది. కానీ అంత జనంలో ఆ పిల్ల ఎవరో తెలిసినవాళ్ళు నేనూ, ముందు వరసలో ఉన్న మదాం వెర్దనే, ఆ కమిటీవాళ్ళూ, అంతే. ఆమె వెనక్కి తిరిగి నాకోసం వెతికింది. నేను తల వంచుకున్నాను.

ఆఖరి పీపా కాగానే లేచి వచ్చేశాను. బయట చలి. వీధుల్లో బాజాలు వాయిస్తున్నారు, అందరూ తాగి ఉన్నారు. ఒక్కదాన్నే నడుచుకుంటూ ఇంటికొచ్చాను. ఇంత జరిగాక కూడా ఇంట్లో ఎవరూ లేరు. దానికేం చేస్తాం.

తాళం తీస్తుండగానే ఫోను మోగుతోంది.

"టీవీలో చూశాను" అంది యూగెట్. "క్లెమాన్స్ పెర్రూషో ఎవరు వదినా? మా వంశంలో ఆ పేరుగల మనిషి లేదు. మా నాన్న పేరు పెట్టలేదు సరే, అన్నయ్య పేరు పెట్టలేదు సరే, నీ పేరైనా బాగుండేది. ఎవరో ఏమో..."

"మా అమ్మాయి" అన్నాను.



చెప్పాను. అరవై రెండు మార్చి. నువ్వు మొరాకోలో పాఠాలు చెప్తున్నావు, ఆస్తి పంపకాల గొడవతో మీ అన్నాచెల్లెళ్ళకి మాటల్లేవు. ఎన్నో ఏళ్ళకి మాటలు కలిశాక చెప్దామన్నాను నేను. ఇప్పుడెందుకు, దాటిపోయిందిగా అన్నాడు మీ అన్నయ్య. ఆ తర్వాత చెప్పడం ఎలాగో తెలియలేదు. చామంతి కుండీ కూడా దానికే.

తిడుతుందనుకున్నాను. తిట్టినా పడేదాన్ని.

"నాకో మేనకోడలా" అంది. ముక్కు చీదిన చప్పుడు.  

"వదినా" అంది. "ఎవరి పోలిక?"

ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా ముందుగా అడిగే మాట అది. నన్ను ఎవరూ అడగలేదు, ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు.

తలుపు కూడా వెయ్యకుండా కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. జుట్టు దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను.